చివరి కుళాయి డాక్టరమ్మ

ఫ్లెక్సీ మీద ఏం రాయాలో చెప్పమని మా వీధి వాళ్ళు నా దగ్గరికి వచ్చారు.

తులసికోట దగ్గర దీపం పెట్టి లేచేసరికి గేటు బయట అప్పలనరసమ్మ, ఆమె వెనక వీధి సంఘం మగవాళ్ళు ఇద్దరు ముగ్గురు నిలబడి ఉన్నారు. అప్పలనరసమ్మ మా ఎదురింటి మనిషి. ఏళ్ళ తరబడి చేపల గంప నెత్తిన పెట్టుకుని వీధి వీధి తిరిగిన గొంతు ఆమెది. మామూలుగా పలకరించినా నాలుగిళ్ళ అవతలికి వినిపిస్తుంది. ఆ పొద్దున మాత్రం అది గుసగుసలా ఉంది.

"డాక్టరమ్మ పోనాదంటమ్మా. నిన్న. టీ తాగతా తాగతా కుర్సీలోనే ఒరిగిపోనాదంట. ఎవులికీ కష్టం పెట్టకుండా ఎలిపోనాది."

నేను వెనక్కి తిరిగి దీపానికి ఇంకోసారి దణ్ణం పెట్టుకున్నాను.

గోపాలపట్నం మార్కెట్లో ఫ్లెక్సీలు వేసే షాపులో మాటలు ముందే సిద్ధంగా ఉంటాయి. ఫోటో మారుస్తారు, పేరు మారుస్తారు, అంతే. 'ఆరోగ్య ప్రదాత, అపర ధన్వంతరి, ప్రజల గుండెల్లో కొలువైన మానవతామూర్తి.' ఆ నమూనా ఫోన్లో నాకు చూపించారు.

"బాగానే ఉంది కానీ, ఇది ఎవరికైనా సరిపోతుంది కదండీ," అన్నాను.

"అందికే నీ కాడికి ఒచ్చినాం. ఆయమ్మకి సరిపోయింది నివ్వు రాయి," అంది అప్పలనరసమ్మ.

నాకు బడి చదువు లేదు. చిన్నప్పుడు ఉబ్బసం ఎక్కువగా ఉండేదని నాన్నగారు నన్ను బడికి పంపలేదు. తాను పొలం నుంచి వచ్చి కాళ్ళు కడుక్కున్నాక ఎదురుగా పీట వేసి కూర్చోబెట్టి చదవడం, రాయడం నేర్పారు. ఆ రుణం తీరేది కాదు. ఆ చదువుతోనే ఈ వీధిలో పెళ్ళి పత్రికలు రాశాను, అర్జీలు రాశాను. కానీ ఆ పొద్దున ఒక్క మాట కూడా తట్టలేదు. సాయంత్రం దాకా గడువు అడిగి పంపించాను.

ఆ రోజు వంట చేస్తున్నా, బట్టలు ఆరేస్తున్నా ఆవిడే కళ్ళ ముందు తిరిగింది. ఆవిడ పేరు మాత్రం ఇక్కడ రాయను. దానికి ఆవిడే చెప్పిన కారణం ఒకటి ఉంది.

డాక్టరమ్మను తలుచుకోగానే నాకు ముందు గుర్తొచ్చేది బుగ్గ. ఎడమ బుగ్గలో ఎప్పుడూ కరక్కాయ ముక్క ఉండేది. చూసేవాళ్ళకి పంటినొప్పితో బుగ్గ వాచిందేమో అనిపించేది. గొంతు పోకుండా ఉండటానికి అది. మా వార్డు ఆరోగ్య కేంద్రానికి పెద్ద డాక్టరుగా వచ్చిన ఆవిడకి గొంతుతో అంత పనేమిటా అని మొదట్లో మేమూ అనుకున్నాం. తరవాత తెలిసింది. మిగతా చోట్ల మైకు ఆటోలో ఎవరో రికార్డు చేసిన గొంతు తిరుగుతుంది. మా వార్డులో ఆవిడే ఆటో వెనక సీట్లో కూర్చుని, మోకాళ్ళ మధ్య సంచి, చేతిలో మైకు పెట్టుకుని తన గొంతుతో చెప్పేది.

"నాను ఆస్పత్రి డాక్టర్ని మాటాడతన్నాను" అని మొదలుపెట్టేది.

మేము గోదావరి వైపు నుంచి వచ్చినవాళ్ళం. మా వారిది పోర్టులో ఉద్యోగం. మొదటిసారి విన్నప్పుడు ఆయన పేపరు దించి, "అంత చదువు చదివి ఈ 'నాను' ఏమిటే?" అని నవ్వారు. ఆయన నవ్వుతున్నారని నేనే ఒకసారి డాక్టరమ్మకి చెప్పేశాను. ఆవిడేమీ అనుకోలేదు.

"నాకు జొరమొస్తే మా అమ్మ ఈ మాటల్తోనే మందేసినాది. జొరం గురించి ఇంకో మాటల్తో సెప్పటం నాకు రాదమ్మా. మీ ఆయన్ని నవ్వుకోమను. నవ్వుకుంటా ఇంటే ఇంకా మంచిది."

ఇంకో అలవాటు ఉండేది ఆవిడకి. మైకులో ఏం చెప్పినా అందులో ఒక వాక్యం తప్పకుండా ఉండేది: "మాకు తెలీంది ఏటంటే." దోమల మందు ఎప్పుడు కొడతారో చెప్పి, "మాకు తెలీంది ఏటంటే, ఈ మందుకి ఈ దోమ సస్తాదో నేదో సూడాల" అనేది. పిల్లల టీకా గురించి చెప్పి, "జొరం ఒస్తాది, తగ్గుద్ది. ఏ గుంటకి ఎంత జొరం ఒస్తాదో మాత్రం నాకు తెలీదు, ఎక్కువైతే నా కాడికి తెచ్చీండి" అనేది. సర్కారు మనిషి నోటి వెంట 'తెలీదు' అన్న మాట మైకులో వినడం మాకు కొత్త. మొదట్లో వీధంతా నవ్వింది. తరవాత తరవాత ఆ మాట కోసం ఎదురు చూడటం అలవాటైపోయింది.

మా ఇల్లు కొండవాలు వీధిలో ఆఖరిది. నీళ్ళ గొట్టం కూడా మా గుమ్మం ముందే ఆగిపోతుంది. ట్యాంకు దగ్గర బయల్దేరిన నీళ్ళు అందరి ఇళ్ళూ చూసుకుని చివరికి మా కుళాయి దగ్గరికి వస్తాయి. డాక్టరమ్మ ఆటో తిరుగుడు కూడా మా దగ్గరే ముగిసేది. ఇక్కడ దిగి, మా మెట్ల మీద కూర్చుని, మర్నాడు మైకులో చెప్పబోయేది ముందు అప్పలనరసమ్మకి వినిపించేది.

"రేపు మందు కొడతారు, కిటికీలు తీసి ఉంచాల. ఏటి అర్థమయ్యింది? సెప్పు."

"రేపు మేం ఇంట్లో ఉండకూడదని."

"నానలగ సెప్పనేదే!"

"మందు కొడితే మరి ఇంట్లో ఎలగుంటాం? నివ్వుంటావేటి?"

డాక్టరమ్మ ఒక్క క్షణం ఆలోచించి, "సరే, అది సెప్పకపోటం నా తప్పే" అని మళ్ళీ మొదటి నుంచి చెప్పేది. అప్పలనరసమ్మ తలూపితేనే ఆటో కదిలేది. అప్పలనరసమ్మ ఆ రోజుల్లో కొంచెం గర్వంగానే నడిచేది.

మెట్ల మీద ఆవిడకి నేను మజ్జిగ ఇచ్చేదాన్ని. గ్లాసు అందుకుని కరక్కాయ ముక్కను రెండో బుగ్గకి జరుపుకుని తాగేది. ఎవరితోనైనా గట్టి మాట చెప్పాలంటే మాత్రం జరుపుకోవడం ఉండదు. ముక్కను బయటికి తీసి, చీర కొంగు చివర మూట కట్టుకునేది. ఆవిడ చెయ్యి బుగ్గ వైపు వెళ్ళిందంటే ఇంక ఎవరూ మాట్లాడేవారు కాదు.

ఒక్కసారి మాత్రం ఆవిడ తన అలవాటు తప్పింది.

ఆ ఏడు వానలు బాగా పడ్డాయి. కుళాయి నీళ్ళల్లో ఏదో వాసన వస్తోందని మా వీధి ఆడవాళ్ళం ఆరోగ్య కేంద్రానికి వెళ్ళి చెప్పాం. ఆవిడ పరీక్షకి పంపింది. ఫలితం రాగానే ఆటో ఎక్కింది. "నీళ్ళు పరీక్ష సేయించినాం. బాగున్నాయి. తాగొచ్చు" అని చెప్పింది. అంతే. ఆటో మా దాకా వచ్చి తిరుగుతుంటే అప్పలనరసమ్మ బిందె నడుమున పెట్టుకుని వేళాకోళమాడింది.

"డాక్టరమ్మా, ఇయ్యాల తెలీంది ఏటీ నేదేటి?"

"ఇయ్యాల అన్నీ తెలుసులే," అని ఆవిడ కూడా నవ్వింది.

తరవాత బయటపడిన సంగతి ఇది. పరీక్షకి నీళ్ళు పట్టింది ట్యాంకు పక్క కుళాయి దగ్గర. అక్కడ నీళ్ళు బాగానే ఉన్నాయి. మా వీధిలోకి వచ్చే గొట్టం మురిక్కాలవ లోంచి వచ్చేది. దానికి ఎక్కడో పగులు. పైగా కుళాయి వచ్చే వేళకి ఇంటింటా మోటార్లు బిగించి లాగేవాళ్ళు. మోటారు లాగినప్పుడల్లా ఆ పగుల్లోంచి కాలవ కూడా లోపలికి వచ్చేది.

మేము తాగాం. డాక్టరమ్మ చెప్పింది కదా అని తాగాం.

పచ్చకామెర్లు వీధి మొదట్లో కనిపించి ఇల్లిల్లూ దిగుతూ వచ్చాయి. వెనక వీధిలో పోర్టులో కళాసీగా చేసి మానేసిన పెద్దాయన పోయాడు. ఆ వారంలోనే పురిటికి వచ్చిన మా అమ్మాయి పొద్దున లేచి, "అమ్మా, అన్నం వాసన పడట్లేదు" అంది. వెలుతురులోకి తీసుకొచ్చి కళ్ళు చూశాను. పసుపు. అప్పటికి దానికి నెలలు నిండుతున్నాయి.

ఆరోగ్య కేంద్రం నుంచి నర్సు వచ్చి చెప్పింది. కడుపుతో ఉన్నవాళ్ళకి ఈ కామెర్లు మంచివి కావు, వెంటనే పెద్దాసుపత్రిలో చేర్చాలని డాక్టరుగారు చెప్పమన్నారని.

"ఏ డాక్టరు? తాగమన్న డాక్టరేనా?" అంది అప్పలనరసమ్మ మా గుమ్మంలోనే. "ఆయమ్మ మాటింటే ఏటయ్యిందో సూసినాం కదా. పిల్లని బేగి పసరు మందుకి తీసుకెల్లమ్మా. మా ఆడపడుచుకి అక్కడే తగ్గినాది. పెద్దాసుపత్రికి పోతే ఆ సూదులూ ఆ మందులూ, కడుపులో గుంటకి ఏటైనా అయితే ఎవులు సెప్తారు? మళ్ళీ ఆవిడేనా?"

తిట్టడానికి కాదు ఆమె అన్నది. మా పిల్ల మీద ప్రేమతో అంది. నాకూ ఎటూ తేలలేదు. మా వారు అటూ ఇటూ తిరుగుతూ, "ఎవరి మాట నమ్మాలే?" అని మాత్రం అంటున్నారు. పసరు మందు ఇచ్చే ఊరికి మర్నాడు వెళ్ళడానికి ఆటో మాట్లాడారు. ఆ రాత్రి సింహాద్రి అప్పన్నకి ఒకటే మొక్కుకున్నాను. నా పిల్లని కాపాడమని కూడా కాదు, ఏది నమ్మాలో చూపించమని.

మర్నాడు కుళాయి వచ్చే వేళకి మైకు ఆటో వచ్చి మా మెట్ల ముందు ఆగింది. దాని వెనకే కార్పొరేటరు గారి కారు. డాక్టరమ్మ దిగింది. నేను తలుపు చాటున ఉన్నాను. బిందెలతో వచ్చిన ఆడవాళ్ళు ఎవరూ ఆవిడని పలకరించలేదు. అప్పలనరసమ్మ మొహం తిప్పుకుంది. కార్పొరేటరు గారు గబగబా వచ్చి మెట్ల దగ్గర ఆవిడని పట్టుకున్నారు.

"మేడమ్, నా మాటినండి. మోటార్ల గురించి సెప్పండి. జనం మోటార్లు బిగించి లాగటం వల్లే మురికొచ్చిందని సెప్పండి. అబద్ధమేటి కాదు కదా?"

"అబద్ధం కాదు బాబూ. సగం."

"ఆ సగం సాలు. తప్పు మనదని మైకులో సెప్తే రేపు మన మాట ఎవులింటారు?"

ఆవిడ చెయ్యి బుగ్గ వైపు వెళ్ళింది. ముక్క తీసి కొంగుకి ముడేసుకుంది.

"ఇయ్యాల ఎవులింటన్నారు బాబూ?"

ఆయన నీళ్ళు పట్టుకుంటున్న ఆడవాళ్ళ వైపు చూశారు. "గొట్టం సంగతి ఎత్తకండి మేడమ్. నా వార్డు. నా పరువు," అన్నారు మెల్లిగా.

"నా తప్పు నాను సెప్తాను. మీది నాను సెప్పను. అది నా పని కాదు. మీది మీరే సెప్పుకోవాల," అని ఆవిడ మైకు అందుకుంది. ఆయన వెళ్ళి కారులో కూర్చుని అద్దం ఎత్తేసుకున్నారు.

ఆ రోజు ఆవిడ కూర్చుని మాట్లాడలేదు. కుళాయి పక్కనే నిలబడింది. ఆ మాటలు నాకు ఇప్పటికీ అక్షరం అక్షరం గుర్తున్నాయి.

"నాను ఆస్పత్రి డాక్టర్ని మాటాడతన్నాను. నీళ్ళు బాగున్నాయని మీకు సెప్పినాను. ఆ మాట తప్పు. ట్యాంకు కాడ నీళ్ళు సూసి, ఈ సివరి కుళాయి సూడకుండా సెప్పీసినాను. అన్నీ తెలుసనుకున్నాను. నా మాట నమ్మి తాగినారు, జబ్బు పడ్డారు. ఎనక ఈదిలో పెద్దాయన పోనాడు. ఆయన ముందునుండీ జబ్బు మనిసి. పాత జబ్బుతో పోనాడో, నా మాట ఇని ఈ నీళ్ళు తాగి పోనాడో నాకు తెలీదు. తెలీదని సెప్పి తప్పించుకోటం నేదు. ఆ ఇంటికి పొద్దున్నే ఎల్లినాను, అదే సెప్పినాను. ఈ నీళ్ళు తాగకండి. ట్యాంకర్ నీళ్ళు ఒస్తాయి. అవి కూడా మరగ్గాసే తాగండి. కడుపుతో ఉన్నోలు కళ్ళు పచ్చబడితే ఇంట్లో ఉండకండి, పెద్దాసుపత్రికి ఎల్లండి. నా తప్పు సెప్పీసినాను. మోటార్ల సంగతి నాను సెప్పను. మీ మోటార్లు మీ ఇళ్ళల్లోనే ఉన్నాయి, మీకే తెలుసు."

మైకు ఆపేసింది. బిందె నిండి పొర్లిపోతోంది, ఎవరూ జరపలేదు.

నేను తలుపు చాటు నుంచి బయటికి వచ్చాను. మెట్లు దిగి ఆవిడ ఎదురుగా నిలబడ్డాను.

"మా అమ్మాయికి కళ్ళు పచ్చబడ్డాయండి. నెలలు నిండాయి. పెద్దాసుపత్రికి తీసుకెళ్తే బతుకుతుందాండీ?"

"తెలీదమ్మా," అంది ఆవిడ, నా కళ్ళల్లోకి చూసి. "ఇంట్లో ఉంటే మాత్రం శానా కష్టం. అది తెలుసు. అక్కడ రాత్రీ పగలూ సూసుకునే మనుసులున్నారు, అదీ తెలుసు. ఆ పైన నాకు తెలీదు."

తప్పకుండా బతుకుతుందని ఆ రోజు ఆవిడ అని ఉంటే నా మనసు మళ్ళీ పసరు మందు వైపే పోయేదేమో. 'తెలీదు' అన్నందుకే నమ్మాను. అప్పన్నని నేను అడిగింది ఏది నమ్మాలో చూపించమని. చూపించాడు. ఇంతకన్నా స్పష్టంగా ఎలా చూపిస్తాడు!

మేం మాట్లాడుకున్న ఆటో ఇంకా రాలేదు. "ఇందులో ఎక్కించీండి" అంది డాక్టరమ్మ. నెత్తిన రెండు మైకు గొట్టాలున్న ఆ ఆటోలోనే మా అమ్మాయిని పడుకోబెట్టాం. నేను ఎక్కాను. వెనక నుంచి ఎవరో నెట్టుకుంటూ ఎక్కారు. చూస్తే అప్పలనరసమ్మ.

"ఏటలగ సూస్తావు? నాను పట్టుకోకపోతే పిల్ల జారిపోద్ది," అంది కోపంగా. దారి పొడుగునా మా అమ్మాయి తల ఒళ్ళో పెట్టుకుని, అందరినీ తిడుతూనే ఉంది. ట్రాఫిక్కుని తిట్టింది, రోడ్డు మీద గోతుల్ని తిట్టింది, కార్పొరేటర్ని తిట్టింది. డాక్టరమ్మని మాత్రం తిట్టలేదు.

ఆసుపత్రి రోజుల గురించి ఎక్కువ రాయను. ఒక దశలో మా అమ్మాయి మమ్మల్ని గుర్తుపట్టలేదు. తరవాత గుర్తుపట్టింది. ఆడపిల్ల పుట్టింది. తల్లీ పిల్లా ఇంటికి వచ్చారు. ఆ వాక్యం రాసినప్పుడల్లా నా చెయ్యి ఆగుతుంది, దణ్ణం పెట్టుకుని మళ్ళీ మొదలుపెడతాను.

మేం తిరిగి వచ్చేసరికి వీధిలో ఒక్క గుమ్మం ముందు కూడా మోటారు లేదు. తియ్యమని ఎవరూ రాలేదట. మైకు విన్న ఆ సాయంత్రమే ఒకరు విప్పారట, వాళ్ళని చూసి పక్కవాళ్ళు విప్పారట. గొట్టం మార్చడానికి వీధి తవ్వి ఉంది. ఆ గోతుల దగ్గరికే ఒకరోజు కార్పొరేటరు గారు వచ్చారు. డాక్టరమ్మ మైకు ఆటో అక్కడే ఉంది. ఆయన ఆటో దాకా వెళ్ళి, "మేడమ్, అది ఓసారి ఇలా ఇవ్వండి," అన్నారు. ఈ గొట్టం మార్చమని ముందే మీ వీధి వాళ్ళు నన్ను అడిగారు, సరేనన్నాను, మర్చిపోయాను, అది నా తప్పు, అని చెప్పారు.

"ఓలమ్మో, ఈయనకి కూడా కరక్కాయ పెట్టినాదేటి డాక్టరమ్మ!" అంది అప్పలనరసమ్మ. గోతుల్లో పని చేస్తున్నవాళ్ళు కూడా నవ్వారు. ఆయనా నవ్వారు.

అప్పటి నుంచి డాక్టరమ్మ ఎప్పుడు వచ్చినా ముందు మా కుళాయి దగ్గరికే వచ్చేది. దోసిట్లో నీళ్ళు పట్టి వాసన చూసేది. ఆ తరవాతే మిగతా మాట. పరీక్షకి సీసా కూడా ఇక్కడే పట్టించేది. ఒకసారి నేను మొహమాటపడుతూ, పూజలో తీర్థానికి కూడా నీళ్ళు కాచాలాండీ అని అడిగాను.

"కాసి సల్లార్సి అప్పుడు తులసెయ్యమ్మా. సామి ఏటీ అనడు. ఆయనకి తెలీని నీళ్ళా?"

నేను ఇప్పటికీ అలాగే చేస్తున్నాను.

పై వాళ్ళు ఆవిడకి మెమో ఇచ్చారు. అది మాకు ఎలా తెలిసిందంటే, ఆవిడే మైకులో చెప్పింది. "నీళ్ళ సంగతిలో నాకు మెమో ఒచ్చినాది. జవాబు రాసినాను. ఏటి రాసినానో కావలసినోలు ఒచ్చి అడగండి, సెప్తాను." మా వీధి వాళ్ళు మండిపడ్డారు. ఆఫీసు ముందు కూర్చుంటామన్నారు. ఆవిడ మా మెట్ల మీద కూర్చుని అందరినీ ఆపింది.

"ఎందుకి కూకుంటారు? నన్ను అడగాల. అడిగితేనే నాను సర్కారు డాక్టర్ని. నన్ను అడిగీవోలు నేకపోతే మోటార్లు తియ్యమని నాను మిమ్మల్ని ఎలగ అడుగుతాను?"

"నివ్వెప్పుడు అడిగినావమ్మా, మేమే తీసినాం!" అంది అప్పలనరసమ్మ.

"అదిగో, అది తప్పు సెప్పినాను," అంది డాక్టరమ్మ వెంటనే.

మనవరాలి బారసాలకి ఆవిడని పిలిచాం. పిల్లకి ఆవిడ పేరు పెట్టాలని మా అమ్మాయి కోరిక. ఆ మాట వినగానే ఆవిడ చెయ్యి బుగ్గ వైపు వెళ్ళింది. మేం కంగారు పడ్డాం.

"నా పేరొద్దమ్మా. నానింకా ఉద్యోగంలో ఉన్నాను. రేపు మళ్ళీ ఏదో తప్పు సేస్తాను, మైకులో సెప్పుకుంటాను. ఆ పేరు పాపం ఈ గుంట ఎందుకు మొయ్యాల? మీ సామి పేరెట్టుకోండి. ఆయన తప్పు సెయ్యడు."

అందుకే ఇక్కడా ఆవిడ పేరు రాయలేదు.

తరవాత ఆవిడ పెద్ద పదవికి వెళ్ళింది. జిల్లా మొత్తానికి ఆరోగ్య అధికారి అయింది. ఇంక మా మెట్ల మీదికి వచ్చే తీరిక ఉండేది కాదు. ఆ మహమ్మారి రోజుల్లో మళ్ళీ చూశాం, టీవీలో. అప్పుడు మా వీధిలో అందరం ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఉన్నాం. విలేకరుల ముందు పొడుగు బల్ల వేసి పెద్దవాళ్ళు వరసగా కూర్చున్నారు. పదవిలో ఉన్న ఒక పెద్దమనిషి, జిల్లాలో ఆసుపత్రి పడకలకి ఏ లోటూ లేదు, ఎవరూ భయపడనక్కర్లేదు అన్నారు. ఆయన పక్కన డాక్టరమ్మ. మొహం సగం మాస్కులో ఉంది. అయినా ఎడమ వైపు మాస్కు ఉబ్బి ఉండటం మేం కనిపెట్టాం.

ఉన్నట్టుండి ఆవిడ చెయ్యి మాస్కు కిందికి వెళ్ళింది.

"ఓలమ్మో! కరక్కాయ తీసీసినాది!" మా కిటికీ బయట నిలబడి చూస్తున్న అప్పలనరసమ్మ అరిచింది. "ఇప్పుడు సెప్పీసిద్ది సూడండి!"

"సారు సెప్పింది నిన్నటి లెక్క. ఆ లెక్క ఇచ్చింది నానే," అంది డాక్టరమ్మ, టీవీలో, అదే గొంతుతో. "ఇయ్యాల పడకలు ఖాళీగా ఉన్నాయో నేదో మాకు తెలీదు. సాయంత్రానికి ఆసుపత్రులు తిరిగి సూసి, ఇక్కడికే ఒచ్చి సెప్తాను."

పక్కనున్న పెద్దమనిషి మొహం ఎలా ఉందో నేను చూడలేదు. నేను మా వారి మొహం చూశాను. 'నాను' అన్నందుకు ఒకప్పుడు పేపరు దించి నవ్విన మనిషి కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "మన డాక్టరమ్మే," అన్నారు, నాకు తెలియనట్టు.

సాయంత్రం ఆవిడ మళ్ళీ టీవీలో కనిపించింది. ఎక్కడ ఖాళీ ఉందో, ఎక్కడ లేదో చెప్పింది. అందులో మంచి వార్త తక్కువ. అయినా ఆ రాత్రి మా వీధి కొంచెం నిద్రపోయింది. మర్నాటి నుంచి రోజూ ఆ వేళకి టీవీ పెట్టుకుని ఆవిడ చెయ్యి ఎటు వెళ్తుందా అని చూసేవాళ్ళం. టీకాలు వచ్చినప్పుడు చుట్టుపక్కల చాలామంది వెనకాడారు. మా వీధి వాళ్ళు వరసలో నిలబడ్డారు. ఆవిడ ఏది తెలుసో, ఏది తెలీదో చెప్పింది, మాకు అది చాలింది.

ఆవిడ ఏ ఊళ్ళో పుట్టిందో, పిల్లలున్నారో లేదో, జీతం తప్ప ఏం సంపాదించిందో నాకు తెలీదు. ఇన్నేళ్ళలో అడగాలని తోచలేదు. ఆవిడ పద్ధతిలోనే చెప్తున్నాను, అది నాకు తెలియనిది.

సాయంత్రం అప్పలనరసమ్మ వాళ్ళు వచ్చారు. నేను రాసింది చదివి వినిపించాను.

'మా నీళ్ళు బాగున్నాయని ఒకసారి తప్పు చెప్పారు. ఆ తప్పును తానే మైకులో చెప్పారు. ఆ తరవాత ఆవిడ మాట మేం ఎప్పుడూ కాదనలేదు. కృతజ్ఞతతో, చివరి కుళాయి వీధి వాళ్ళం.'

సంఘం పెద్ద తల గోక్కున్నాడు. "పోయినోల తప్పు ఫ్లెక్సీ మీద ఎవులైనా ఏయిస్తారేటి? సూసినోలు ఏటనుకుంటారు?"

"ఆయమ్మే ఏసుకున్నాది కదరా, ఊరంతా మైకెట్టి!" అప్పలనరసమ్మ గొంతు మళ్ళీ వచ్చేసింది. "ఆయమ్మకి నేని సిగ్గు నీకేటి?"

ఫోటో కోసం వెతికితే ఒక్కటే దొరికింది. మైకు ముందు నోరు తెరిచి, ఎడమ బుగ్గ ఉబ్బి ఉన్నది. షాపువాడు బుగ్గ సరిచేస్తానన్నాడట. చెయ్యి వేస్తే ఊరుకోమని చెప్పి వచ్చారు మావాళ్ళు.

నిన్న పొద్దున, కుళాయి వచ్చే వేళకి ముందే, మా గుమ్మం పక్కన ఫ్లెక్సీ కట్టారు. దండ వేశారు. నేను దీపం పెట్టాను. అందరం నిలబడి ఉండగా అప్పటి కార్పొరేటరు గారు నడుచుకుంటూ వచ్చారు. ఆయన ఇప్పుడు పదవిలో లేరు. జుట్టు నెరిసింది. చెప్పులు విప్పి, దణ్ణం పెట్టి, ఫ్లెక్సీ మీద రాసింది చదివారు. మళ్ళీ ఒకసారి చదివారు. ఏమంటారో అని అందరం ఆయన మొహమే చూస్తున్నాం.

"మరి నాదేదమ్మా?" అన్నారు నా వైపు తిరిగి. "నాను కూడా సెప్పినాను కదా, ఇక్కడే, మేడమ్ మైకులోనే. నాది రాయనేదేటి?"

నేను అప్పలనరసమ్మ వైపు చూశాను.

"ఫ్లెక్సీలో సోటు సాల్నేదు బాబూ," అంది అప్పలనరసమ్మ. "నీ తప్పులకి ఏరే ఫ్లెక్సీ కట్టాల!"

వీధంతా నవ్వింది. ఆయన కూడా కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు.

అప్పుడే కుళాయి వచ్చింది. ముందు గాలి, తరవాత నీళ్ళు. ఆయనే దగ్గరగా ఉన్నారు. వంగి, దోసిలి పట్టి, ముక్కు దగ్గర పెట్టుకున్నారు.

"బాగున్నాయి," అన్నారు. లేచి, ఫ్లెక్సీలో ఉబ్బిన బుగ్గ వైపు ఒకసారి చూసి, "నా ముక్కుకి తెలిసినంత మట్టుకి," అని కలిపారు.